బొమ్మలాటగాడు జిమ్ హెన్సన్

తోలుబొమ్మలాటను ఒక్కసారియైనను చూచినవారికి జుట్టుపోలిగాడును, బంగారక్కయు, కేతిగాడును గుర్తుండకపోరు. శ్రీరాముడు వనవాసమునకు బోవుచుండగా ఈ మువ్వురిలో నెవరో ఒకరు తటాలున తెరమీదికి దూకి, కథతో నెట్టి సంబంధమును లేని మాటలాడి, ఒకరినొకరు మొట్టుకొని, ఊరి పెద్దమనుష్యులకు నాలుగు చురకలంటించి వెడలిపోవుదురు. నిద్రకు తూగుచున్నవారు లేచి కూర్చుందురు. పిమ్మట రామకథ మరల సాగును. మన యిరుగుపొరుగువారైన తమిళుల తోల్పావైక్కూత్తులో ఉచ్చికుడుంబన్, ఉళువత్తలైయన్ అను ఇద్దరు ఇదే పని చేయుదురు. ఈ హాస్యగాండ్రు లేనిచో తెల్లవాఱు వఱకు ఆట నిలువదని ఆడించువారికి బాగుగా తెలియును. హరికథలో పిట్టకథ యెట్టిదో బొమ్మలాటలో ఈ ఘట్టము అట్టిది.

ఆ పిట్టకథనే ప్రధానకథగా జేసికొని, బొమ్మలాటను టెలివిజన్‌కు తగినట్లు మలచినవాడు జిమ్ హెన్సన్. ఆయన అమెరికా దేశీయుడు. మరణించి ముప్పదియేండ్లు దాటినవి. ఆయన చేసిన పచ్చని కప్పబొమ్మ, కర్మిట్, లోకమంతట ప్రసిద్ధమైనది. ఆ కప్ప తలలో చేయి దూర్చి ఆడించినవాని పేరు అంతగా ప్రసిద్ధము కాలేదు. పరదేశీయుని చరిత్ర మన పత్రికకేల యని తలిదండ్రులలో కొందఱు అడుగవచ్చును. వీధిలో ఒక లిపి, ఇంటిలో ఒక భాష, బడిలో రెండు మూడు అక్షరమాలలు — ఇట్లు పెరుగుచున్న మన కాట్టుపల్లి, తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతముల పిల్లలకు అక్షరము చేదు గాకుండ నోటికెక్కుట యెట్లన్న ప్రశ్న క్రొత్తది గాదు. హెన్సన్ జీవితములో సగభాగము ఆ ప్రశ్నతో ముడివడియున్నది. తక్కిన సగము, బొమ్మలాట పసిపిల్లలకే యన్న మాటను కాదనిపించుటకై ఆయన పడిన పాటు.

జిమ్ హెన్సన్ 1936వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన మిసిసిపీ రాష్ట్రమునందలి గ్రీన్‌విల్ పట్టణమున జన్మించెను. తండ్రి ప్రభుత్వ వ్యవసాయశాఖలో పైరుల పరిశోధకుడు. బాల్యము లేలండ్ అను చిన్న ఊరిలో, ఒక వాగు ఒడ్డున గడచెను. తల్లికి తల్లియైన అవ్వ బొమ్మలు గీయుటయందును, బొంతలు కుట్టుటయందును నేర్పరి. గుడ్డపీలికలను వృథాగా పారవేయరాదని బాలుడు ఆమె యొద్దనే నేర్చుకొనియుండునని మా ఊహ. తండ్రి ఉద్యోగము వలన కుటుంబము తరువాత రాజధానియగు వాషింగ్‌టన్ నగరమునకు సమీపమున మేరీలాండ్ రాష్ట్రమునకు తరలిపోయెను.

అప్పుడే అమెరికాలో టెలివిజన్ ఇంటింట ప్రవేశించుచుండెను. తమ ఇంటికి ఆ పెట్టె కావలెనని జిమ్ తలిదండ్రులను వేధించి వేధించి 1950లో కొనిపించెను. ఆ పెట్టెలో ఆయన మిక్కిలి ప్రీతితో చూచినవి రెండు. ఒకటి, బర్ టిల్‌స్ట్రామ్ అనునాతడు 1947లో షికాగో నగరమున ప్రారంభించిన 'కూక్లా, ఫ్రాన్ అండ్ ఆలీ' అను బొమ్మలాట. రెండవది, ఎర్నీ కోవాక్స్ అను హాస్యనటుని ప్రదర్శనములు. మొదటిదాని వలన బొమ్మలకు టెలివిజన్‌లో చోటున్నదని హెన్సన్ తెలిసికొనెను. రెండవదాని వలన ఆ చోటు ఎట్టిదో తెలిసికొనెను. ఈ రెండవ సంగతిని కొంచెము విపులముగా చెప్పుట అవసరము.

ఆ కాలమున అమెరికా టెలివిజన్‌లో రాజ్యమేలినవి వెరైటీ షోలు. ఒక పాట, ఒక నృత్యము, ఒక గారడి, నడుమ నడుమ రెండు మూడు నిమిషముల ప్రహసనములు — ఇది వాని కూర్పు. మన ఆకాశవాణిలో వచ్చిన కదంబ కార్యక్రమముల వంటివి. వానిలో హెచ్చుభాగము నాటకశాలలో జరుగు ప్రదర్శనమును దూరమునుండి కెమెరాతో పట్టి చూపించినవే. కోవాక్స్ మాత్రము ఆ దారి త్రొక్కలేదు. టెలివిజన్ అనునది నాటకశాలను చూపు కిటికీ గాదు, అదియే ఒక రంగస్థలమని ఆయన గ్రహించెను. 1957 జనవరిలో ఆయన ఒక్క మాటయు లేకుండ అరగంట ప్రదర్శనమిచ్చెను. అందులో ఒకడు బల్లయొద్ద కూర్చుండి సీసాలోని పాలను గ్లాసులో పోయబోవును. పాలు తిన్నగా క్రిందికి పడక ప్రక్కకు వంగి పోవును. కిటుకు సులభమే. బల్లను, గదిని ఏటవాలుగా కట్టి, కెమెరాను గూడ అంతే వాలుగా నిలిపిరి. చూచువారికి గది సమముగానే కనబడును. పాలు మాత్రము భూమ్యాకర్షణమునకే లోబడును. మన విజ్ఞానశాస్త్ర తరగతి విద్యార్థులు దీనిని కాగితముపై గీచి చూచుకొనవచ్చును. కోవాక్స్ తన నలువదిమూడవ జన్మదినమునకు పది దినముల ముందు, 1962 జనవరి 13వ తేదీన, లాస్ ఏంజలిస్‌లో మోటారు ప్రమాదమున మరణించెను. ఆయన ప్రభావము తనపై నున్నదని హెన్సన్ పలుమాఱు చెప్పుకొనెను.

1954లో వాషింగ్‌టన్‌లోని ఒక టెలివిజన్ కేంద్రమువారికి పిల్లల కార్యక్రమమునకై బొమ్మలాడించువారు కావలసివచ్చిరి. హెన్సన్ అప్పటికి ఉన్నత పాఠశాల విద్యార్థి. ఆయనకు కావలసినది టెలివిజన్. బొమ్మలపై ప్రత్యేకమైన ప్రేమ యేదియు అప్పటికి లేదు. ఆ పెట్టెలోనికి ప్రవేశించుటకు బొమ్మలే దారియైనచో ఆ దారినే పోవుదమని, మిత్రునితో గలసి బొమ్మలు కుట్టుకొని వెళ్ళెను. ఆ కార్యక్రమము మూడు వారములకే ఆగిపోయెను. మఱుసటి యేడే మఱియొక కేంద్రము ఆయనకు అయిదు నిమిషముల కాలమును ప్రత్యేకముగా ఇచ్చెను. 1955 మే 9వ తేదీన 'సామ్ అండ్ ఫ్రెండ్స్' అను ఆ చిన్న ప్రదర్శనము మొదలై 1961 డిసెంబరు వఱకు నడచెను.

అప్పుడాయన మేరీలాండ్ విశ్వవిద్యాలయమున గృహవిజ్ఞాన విభాగములో చదువుచుండెను. బొమ్మల తయారీ, కుట్టుపని మొదలగునవి ఆ విభాగముననే నేర్పుచుండిరి. బాలురకు ఆ చదువేమిటని ఆ దేశమునందును నవ్వినవారు లేకపోలేదు. బొమ్మలాట తరగతిలోనే జేన్ నెబెల్ అను సహాధ్యాయిని ఆయనకు పరిచయమయ్యెను. 'సామ్ అండ్ ఫ్రెండ్స్' ఈ ఇరువురి చేతుల మీదుగానే నడచెను. 1959 మే నెలలో వారు వివాహము చేసికొనిరి; అయిదుగురు సంతానము కలిగిరి.

ఆ ప్రదర్శనములో ఒక బొమ్మను హెన్సన్ తన తల్లి పారవేసిన పాత కోటు గుడ్డతో కుట్టెను. కన్నులకు టేబిల్ టెన్నిస్ బంతిని రెండుగా కోసి అంటించెను. దాని పేరు కర్మిట్. అప్పటికి అది కప్ప కాదు, బల్లియో మఱేదియో తెలియని జంతువు. కప్ప రూపము పలు సంవత్సరముల పిదప వచ్చినది. తన బొమ్మలకన్నిటికిని ఆయన మప్పెట్‌లు అను క్రొత్త పేరు పెట్టెను.

కోవాక్స్ నుండి నేర్చిన పాఠము ఇచ్చటనే ఫలించెను. అంతకు ముందు టెలివిజన్‌లో బొమ్మలాట యన్న ఒక చిన్న గూడు వంటి రంగస్థలము, దాని ముందు తెర, గూటిలో బొమ్మలు, దూరమున కెమెరా. హెన్సన్ ఆ గూటిని తీసివేసెను. టెలివిజన్ పెట్టె అంచులే రంగస్థలపు అంచులు. ఆడించువాడు ఆ అంచునకు క్రింద, కెమెరాకు కనబడకుండ, చేయి పైకెత్తి నిలువవలెను. తన కాళ్ళయొద్ద నొక చిన్న టెలివిజన్ తెరను పెట్టుకొని, చూచువారికి కనబడునది తానును చూచుకొనుచు ఆడింపవలెను. ఇది చెప్పినంత సులభము గాదు. అద్దములో మనము కుడివైపు జరిగినచో బింబము మనతోపాటే జరుగును. ఈ తెరలో అట్లు గాదు, ఎదురువైపు పోవును. దానికి చేయి అలవాటు పడుటకు చాల కాలము పట్టును. కెమెరా ముఖము దగ్గఱకు వచ్చును గనుక కొయ్యతలలు పనికిరావు. అందుచే మెత్తని గుడ్డతోను స్పాంజితోను ముఖములు చేసి, వ్రేళ్ళు కదలించినంత మాత్రమున ముఖభావము మాఱునట్లు చేసెను. మాటకు తగినట్లు నోరు తెఱచుట మూయుట ఆయన ప్రత్యేకముగా సాధించిన విద్య. మన తోలుబొమ్మకు అందము రంగులోను, దీపపు వెలుతురులోను, తెరపై నీడలోను ఉన్నది. దాని ముఖము మాఱదు, గాత్రమే దానికి ప్రాణము. రెండును బొమ్మలాటలే యైనను సాధనములు వేఱు.

ప్రదర్శనములోని సరకు మాత్రము ఆనాటి హాస్యకారుల నుండి వచ్చినదే. ప్రసిద్ధులైన హాస్యకారుల గ్రామఫోను రికార్డులు పెట్టి, వానికి తగినట్లు బొమ్మల నోళ్ళు కదలించుట మొదటి పద్ధతి. తరువాత సొంత ప్రహసనములు వచ్చెను. ఆ కాలమునందే ఒక కాఫీ వ్యాపారి ఆయనచే ప్రకటనలు చేయించెను. ఒక్కొక్క దానికి దొరకిన కాలము సుమారు పది సెకనులు. ఆ పది సెకనులలో ఒక బొమ్మ కాఫీ త్రాగుమనును, రెండవది వలదనును, వలదన్నదానికి ఏదో శాస్తి జరుగును. అట్టివి నూటికి పైగా చేసెను. పది సెకనులలో కథ చెప్పి నవ్వించుట యలవడినవానికి తరువాత అక్షరమును గూర్చి ఒక్క నిమిషములో చెప్పుట కష్టమనిపించలేదు.

1958లో హెన్సన్ ఐరోపాకు వెళ్ళెను. అప్పటికి ఈ వృత్తిని మానుకొందుమా యన్న ఆలోచనయు ఆయనకుండెను. అక్కడ పెద్దవారు బొమ్మలాటకు పోయి శ్రద్ధతో చూచుటయు, ఆడించువారిని కళాకారులుగా గౌరవించుటయు కన్నులార జూచి, తిరిగివచ్చి స్థిరముగా ఆ పనిలో నిలిచెను. 1963లో న్యూయార్కు చేరెను. రచయిత జెర్రీ జూల్, బొమ్మలు చేయుటలో దిట్టయైన డాన్ సాలిన్, పందొమ్మిదేండ్ల యువకుడు ఫ్రాంక్ ఓజ్ ఆయనతో గూడిరి.

ఆ పిమ్మట పదియేండ్లు ఆయన ఇతరుల వెరైటీ షోలలో అతిథి. 1963 నుండి 1966 వఱకు జిమ్మీ డీన్ అను గాయకుని ప్రదర్శనములో రౌల్ఫ్ అను కుక్కబొమ్మ ప్రతివారము వచ్చి గాయకునితో హాస్యసంభాషణము చేసెను. ఒక చేయి, తల హెన్సన్‌వి. రెండవ చేయి ఫ్రాంక్ ఓజ్‌ది. ఇద్దరు మనుష్యులు ఒక బొమ్మలో నిమిడి, ఒకరి యూపిరి ఒకరికి తెలిసినట్లు ఆడించవలెను. 1966 నుండి 1971 వఱకు అమెరికాలో మిక్కిలి పేరుగన్న ఎడ్ సలివన్ ప్రదర్శనములో మప్పెట్‌లు ఇరువదికి పైగా పర్యాయములు కనబడెను. నటులు, గాయకులు, గారడివారు, సర్కసువారు వరుసగా వచ్చిపోవు ఆ వేదిక వెనుక నుండి వెరైటీ షో అంతరంగమును హెన్సన్ చూచెను. ముందు వెలుగులు, వెనుక గందరగోళము. ఈ గందరగోళము తరువాత ఆయనకు అక్కఱకు వచ్చెను.

1968 జనవరిలో 'లాఫ్-ఇన్' అను క్రొత్త హాస్యకార్యక్రమము అమెరికాను ఊపివేసెను. అందులో ఒక్కొక్క ప్రహసనము కొన్ని సెకనులే. ఒకటి ముగియకమునుపే మఱియొకటి. పెద్దలు తల పట్టుకొనిరి గాని పిల్లలు కన్నార్పక చూచిరి. సరిగా ఆ దినములలోనే జోన్ గాంజ్ కూనీ అను విదుషీమణి పేద పేటలలోని మూడు మొదలు అయిదేండ్ల పిల్లలకు బడికి ముందే అక్షరములు, అంకెలు నేర్పు టెలివిజన్ కార్యక్రమమును సిద్ధము చేయుచుండెను. ఆమెయు ఆమె సహచరులును 'లాఫ్-ఇన్' వేగమును, వ్యాపార ప్రకటనల క్లుప్తతను బుద్ధిపూర్వకముగా గ్రహించిరి. సబ్బును అమ్ము పద్ధతితో అక్షరమును అమ్మినచో తప్పేమి? ఆ రెండు విద్యలును ఎఱిగిన బొమ్మలాటవానికై వారు వెదకగా హెన్సన్ దొరకెను. 1969 నవంబరు 10వ తేదీన 'సెసమీ స్ట్రీట్' ప్రారంభమయ్యెను.

మొదట బొమ్మలను, మనుష్యులను ఒకే వీధిలో చూపరాదని మనస్తత్వ శాస్త్రజ్ఞులు సలహా యిచ్చిరి. ఏది నిజమో ఏది కల్పనయో పిల్లలకు తెలియక పోవునని వారి భయము. పరీక్షగా చూపినప్పుడు మనుష్యులు మాత్రమే యున్న ఘట్టములు రాగానే పిల్లలు ప్రక్కచూపులు చూచిరి. బొమ్మలు రాగానే మరల తెరవైపు తిరిగిరి. వెంటనే హెన్సన్ బిగ్ బర్డ్ అను ఎనిమిదడుగుల పసుపుపచ్చని పక్షిని, చెత్తడబ్బాలో కాపురముండు ఆస్కర్ అను చిడిముడి మనిషి వంటి బొమ్మను సృజించి వీధిలో దింపెను. ఎర్నీ, బర్ట్ అను మఱి రెండు బొమ్మలు పాతకాలపు హాస్యజంటల ఫక్కీలో నడచినవి. ఒకడు గుండ్రనివాడు, అల్లరివాడు. రెండవవాడు సన్ననివాడు, చికాకుపడువాడు. రేలంగి, రమణారెడ్డి కలసి నటించిన చిత్రములు చూచినవారికి ఈ జంట రహస్యమును వేఱుగ చెప్పనక్కఱలేదు. ఎర్నీని హెన్సన్, బర్ట్‌ను ఫ్రాంక్ ఓజ్ ఆడించిరి.

ఈ వీధిలో తెల్లవారును నల్లవారును కలసి నివసించుచుండిరి. హెన్సన్ పుట్టిన మిసిసిపీ రాష్ట్రములోనే విద్యా టెలివిజన్ సంఘమువారు ఈ కారణము చేత 1970లో ఈ కార్యక్రమమును నిషేధించిరి. దేశమంతట అపహాస్యము చెలరేగగా ఇరువది రెండు దినములకే నిషేధమును ఎత్తివేయవలసివచ్చెను. ఒక పచ్చకప్పయు ఒక పసుపు పక్షియు ఆ సంఘమువారిని ఎంత కలవరపెట్టెనో దీనిని బట్టి తెలియుచున్నది.

ఇక దీని వలన పిల్లలకు చదువు వచ్చెనా? 1970లో జరిగిన మొదటి పెద్ద పరీక్షలో, ఎక్కువగా చూచిన పిల్లలు అక్షరములలోను అంకెలలోను ఎక్కువ ముందంజ వేసిరని తేలెను. 1975లో వెలువడిన మఱియొక పరిశీలనము వేఱొక చిక్కును చూపెను. కలిగినవారి పిల్లలును దీనిని చూచుచునే యున్నారు గనుక పేదవారికిని వారికిని గల అంతరము తగ్గునన్న ఆశకు ఆధారము చాలదని దాని సారాంశము. ఇంత వేగముగా మాఱు బొమ్మలకు అలవాటు పడిన పిల్లలు ఉపాధ్యాయుని నెమ్మది పాఠమును సహింపరని ఆక్షేపించినవారును కలరు. ఆ ఆక్షేపణను మేము త్రోసిపుచ్చజాలము. అయినను ఇంటిలో పుస్తకమే లేని బిడ్డకు అక్షరము మొట్టమొదట నవ్వుచు ఎదురుపడుట చిన్న మేలు గాదు. 1972, 1973 సంవత్సరములలోనే మెక్సికో, బ్రెజిల్, జర్మనీ దేశములలో ఆయా భాషలలో ఈ వీధి వెలసెను; హిందీలో 'గల్లీ గల్లీ సిమ్ సిమ్' 2006లో మొదలయ్యెను. పిల్లవాడు ఇంటిలో మాటాడు భాషలో బొమ్మ మాటాడిననే ఈ కిటుకు పనిచేయునని ఆ దేశములవారు గ్రహించిరి.

హెన్సన్‌కు ఈ కీర్తి ఒక సంకెలయు నయ్యెను. మప్పెట్‌లన్న పసిపిల్లల వస్తువన్న ముద్ర పడెను. ఆ ముద్రను చెరపుటకై ఆయన 1975 అక్టోబరు 11వ తేదీన ప్రారంభమైన 'సాటర్‌డే నైట్ లైవ్' అను పెద్దల హాస్య ప్రదర్శనమున చేరెను. మన మద్రాసులో దూరదర్శన్ కేంద్రము తెఱచినదియు అదే సంవత్సరము ఆగస్టు 15వ తేదీననే. ఆ ప్రదర్శనమునకై హెన్సన్ పొలుసుల చర్మము, జీవమున్నట్లుండు కన్నులు గల వికృతాకారపు బొమ్మలను చేసెను. బొమ్మలు అద్భుతముగా నుండెను. మాటలు మాత్రము అతుకలేదు. రచయితల సంఘపు నియమముల ప్రకారము ఆ ప్రహసనములను హెన్సన్ మనుష్యులు గాక ఆ ప్రదర్శనపు రచయితలే వ్రాయవలెను. యౌవనమదముతో నున్న ఆ రచయితలకు గుడ్డబొమ్మలకు మాటలు వ్రాయుట నామోషీ. ఒకరిపై నొకరు నెట్టుకొని, తప్పనివాడు వ్రాసెడివాడు. బొమ్మలాట మొదటి సంవత్సరముతోనే అక్కడ ముగిసెను. తోలుబొమ్మలాటలో ఆడించువాడే మాట కట్టును, ఆడించువాడే పాడును. మాటకును చేతికిని నడుమ మూడవవాడు లేడు. ఈ సత్యము న్యూయార్కులో ఇంత కష్టముతో తెలియవలసివచ్చెను.

వెరైటీ షోలో బొమ్మలకు చోటు లేనిచో బొమ్మలదే ఒక వెరైటీ షో కావలెను. హెన్సన్ 1974లోను 1975లోను రెండు నమూనాలు తీసి అమెరికాలోని పెద్ద టెలివిజన్ సంస్థలను ఆశ్రయించెను. రాత్రి మంచి వేళలో బొమ్మలాటను ఎవరు చూతురని వారు నిరాకరించిరి. ఆదుకొన్నవాడు ఇంగ్లండులోని లూ గ్రేడ్. ఈయన చరిత్రయు వినదగినదే. రష్యా సామ్రాజ్యములో యూదుల ఇంట జన్మించి, అయిదారేండ్ల ప్రాయమున లండనుకు వలసవచ్చి, యౌవనమున నాట్యపోటీలలో నెగ్గి, సంగీతశాలలలో ఆడి, టెలివిజన్ అధిపతి యైనవాడు. వినోద వేదికపై చెమటోడ్చినవాడు గనుక అట్టి వేదికను బొమ్మలతో నింపుదునన్న మాట ఆయనకు వెంటనే అర్థమయ్యెను. లండను సమీపమున ఎల్‌స్ట్రీ స్టూడియోలో 1976లో 'మప్పెట్ షో' మొదలై 1981 వఱకు 120 భాగములుగా వెలువడెను.

దాని కథాసంవిధానము సరళము. పాతబడిన ఒక నాటకశాల. దానికి యజమాని వంటివాడు కర్మిట్ కప్ప. ప్రతివారము ఒక నిజమైన నటుడో గాయనియో అతిథిగా వచ్చును. ముందు వేదికపై పాటలు, ప్రహసనములు. వెనుక అలుకలు, ఆలస్యములు, అగ్నిప్రమాదములు. ఎవరికిని నవ్వు తెప్పింపలేని విదూషకుడైన ఫోజీ ఎలుగుబంటి, తానొక మహానటినని నమ్మిన మిస్ పిగ్గీ అను వరాహసుందరి, మేడపై పెట్టెలో కూర్చుండి ప్రతిదానిని ఎత్తిపొడుచు ఇద్దరు ముసలివారు — వీరందఱును ఎడ్ సలివన్ వేదిక వెనుక హెన్సన్ చూచిన లోకమునకు బొమ్మరూపములు. మొదటి సంవత్సరము ముఖ్యరచయిత జాక్ బర్న్స్ హాస్యజంటలో నటించి పేరు పొందినవాడు. ఆ తరువాత జెర్రీ జూల్ ఆ భారమును వహించెను. అనగా హాస్యవేదిక నేర్పినది, బొమ్మలాట ఎఱిగినది, రెండును ఈమాఱు ఒకే కలములో చేరెను.

మొదట అతిథులు దొరకుట కష్టమయ్యెను. ప్రపంచ ప్రఖ్యాతుడైన నర్తకుడు రుడాల్ఫ్ నురేయెవ్ వచ్చి ఒక పెద్ద పందిబొమ్మతో శాస్త్రీయ నృత్యమాడిన పిదప పెద్దపెద్దవారు తామే రాదొడగిరి. నూటికి పైగా దేశములలో ఇరువది మూడు కోట్లకు మించినవారు దీనిని చూచినట్లు ఆనాటి అంచనా. 1978లో అమెరికాలో ఉత్తమ హాస్య, వెరైటీ కార్యక్రమమునకిచ్చు ఎమ్మీ బహుమానము దీనికి లభించెను. ఆ బహుమానము మనుష్యులు నటించు ప్రదర్శనములతో పోటీపడి గెలిచినది; పిల్లల కార్యక్రమముల కోవలో నిచ్చినది గాదు.

అందులో స్వీడను దేశపు వంటవాడను ఒక బొమ్మ కలదు. హెన్సన్ గొంతుతో అర్థము లేని పలుకులు పలుకుచు, కత్తులు విసరుచు వంట చేయును. లోకమంతయు నవ్వినది. మాకును నవ్వు వచ్చినది గాని, మాటతీరును బట్టి ఒకనిని చూచి నవ్వుట యెట్లుండునో సరిహద్దు ప్రాంతములవారికి తెలియనిది గాదు. ఆ బొమ్మ చేతులు మాత్రము నిజమైన మనుష్యుని చేతులు, ఫ్రాంక్ ఓజ్‌వి. ఆ చేతులు ఎప్పుడేమి చేయునో తల యాడించు హెన్సన్‌కే తెలియదు. అసలు నవ్వు అందున్నదని మా అభిప్రాయము.

తరువాతి కాలమును గూర్చి క్లుప్తముగా చెప్పెదము. 1979లో మప్పెట్‌ల మొదటి చలనచిత్రము వచ్చి విజయము పొందెను. 1982లో 'డార్క్ క్రిస్టల్', 1986లో 'లాబిరింత్' అను చిత్రములను ఆయన ఎంతో శ్రమతో తీసెను. రెండవది విడుదలయైనప్పుడు జనము రాక ఆయనకు మిక్కిలి దుఃఖము కలిగించెను; ఆదరణ మరణానంతరము లభించినది. 1983లో ప్రారంభమైన 'ఫ్రాగిల్ రాక్' అను పిల్లల కార్యక్రమమును వేఱు వేఱు జాతులు కలసి బ్రతుకుటను ఉద్దేశించి రూపొందించెను. 1982లోనే ఇతర బొమ్మలాటవారికి సహాయము చేయుటకై ఒక నిధిని స్థాపించెను. పోటీదారులకు ధనమిచ్చు వ్యాపారిని మేము హెన్సన్‌లో తప్ప అరుదుగా చూచితిమి. 1985లో వేఱు వేఱు దేశముల బొమ్మలాట ఆచార్యులను తానే పరిచయము చేయుచు చిత్రములు తీసెను.

1990 మే నెలలో ఆయనకు జలుబు, గొంతునొప్పి వంటి లక్షణములు కనబడెను. మామూలు జబ్బని తలచి, వైద్యశాలకు పోవుట ఆలస్యము చేసెను. అది స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవి వలన కలిగిన తీవ్రమైన అంటు. న్యూయార్కు వైద్యశాలలో చేర్చిన సుమారు ఇరువది గంటలకే, మే 16వ తేదీన, యాబది మూడేండ్ల ప్రాయమున మరణించెను. తన అంత్యసభకు ఎవరును నల్లని దుస్తులతో రాగూడదని, సంగీతము ఉల్లాసముగా నుండవలెనని ఆయన ముందే వ్రాసియుంచెను. మే 21వ తేదీన న్యూయార్కులోని పెద్ద చర్చిలో జరిగిన ఆ సభకు వచ్చినవారి చేతులకు సన్నని కడ్డీల చివర కట్టిన రంగురంగుల సీతాకోకచిలుకల నిచ్చిరి. వేలకొలది జనము వానిని ఆడించుచుండగా, బిగ్ బర్డ్ పక్షి వచ్చి పాట పాడి కప్పకు వీడ్కోలు చెప్పెను.

కర్మిట్‌ను ఆ తరువాత వేఱొక కళాకారుడు ఆడించెను. హెన్సన్ తన చేతితో కుట్టిన మొదటి కర్మిట్‌ను మాత్రము జేన్ 2010వ సంవత్సరమున 'సామ్ అండ్ ఫ్రెండ్స్' బొమ్మలతో గూడ వాషింగ్‌టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు అప్పగించెను. ఆమె 2013లో మరణించెను. తల్లి కోటు గుడ్డయు, కోసిన బంతి కన్నులును గల ఆ బొమ్మ, అయిదు నిమిషముల ఆటతో తాను మొదట టెలివిజన్‌లో కనబడిన ఆ నగరముననే నేడు భద్రముగా నున్నది.